బెరడు మీద చెయ్యి పెట్టి చూడండి

ప్రశ్న: నమస్తే అండీ. నేను 15 ఏళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. ఎక్కువగా పోర్ట్రెయిట్లు, ఫొటో చూసి ఆర్డర్ మీద వేసేవి. "అచ్చం ఫొటోలా ఉంది" అంటారు అందరూ. ఏడాదిన్నర నుంచి మాత్రం ఖాళీ కాన్వాస్ ముందు కూర్చుంటే చెయ్యి ముందుకు సాగడం లేదు. ఆర్డర్లు ఎలాగో పూర్తి చేస్తున్నాను, నా కోసం ఒక్కటీ రావడం లేదు. ఒక స్నేహితురాలు "కొన్నాళ్లు ప్రకృతిలో గడుపు, టెక్స్చర్ పెట్టి అబ్‌స్ట్రాక్ట్ వెయ్యి, మళ్లీ ఊపు వస్తుంది" అంది. అంటే దేని పోలికా లేకుండా, గరుకుగా ఎత్తుపల్లాలతో వేసే బొమ్మ. నాలుగు రోజులు కొండలూ అడవీ తిరిగి 200 ఫొటోలు తీసుకొచ్చాను. మోడలింగ్ పేస్ట్ (కాన్వాస్ మీద మందంగా మెత్తే ముద్ద) కొని మూడు కాన్వాస్‌లు వేశాను. మొదటిది గోడకి సిమెంట్ మెత్తినట్టుంది. రెండోది ఆరేసరికి బీటలు వారింది. మూడోది చూడ్డానికి బాగానే ఉంది గానీ నాకే అబద్ధంలా అనిపిస్తోంది, ఎక్కడో చూసిన డెకరేషన్ ముక్కలా. మావారు "ఇదేంటి?" అని అడిగితే చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే, బొమ్మ రానివాళ్లు వేసేదే అబ్‌స్ట్రాక్ట్ అని నాకు లోపల ఒక చిన్నచూపు కూడా ఉంది. నేను దారి తప్పుతున్నానా? ఆ పాత ఉత్సాహం మళ్లీ ఎలా వస్తుంది?

జవాబు:

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది మూడు కాన్వాస్‌ల దగ్గర కాదు, 200 ఫొటోల దగ్గర. నాలుగు రోజుల్లో 200 ఫొటోలు తీశారంటే మీరు కొండల్లోకి వెళ్లారు గానీ పనిలోంచి బయటికి రాలేదు. ఫొటో చూసి వేయడానికి అలవాటు పడ్డ కన్ను అక్కడ కూడా తర్వాత వేయడానికి సరుకు పోగేసుకుంది. తప్పు పట్టడానికి చెప్పడం లేదండీ, అన్నేళ్ల అలవాటు అలాగే లాక్కుపోతుంది ఎవరినైనా. కానీ "ప్రకృతిలో గడిపి చూశాను, ఏమీ మారలేదు" అని మీరు ఒక నిర్ణయానికి వచ్చేస్తున్నట్టున్నారు, దానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ ప్రయత్నం ఇంకా మొదలవలేదు.

పోర్ట్రెయిట్ వేసేవాళ్ల కంటికి రోజంతా ఒకటే ప్రశ్న. ఇది దానిలా ఉందా? ముక్కు ఆ ముక్కులా ఉందా, కంటికింద నీడ ఫొటోలో ఉన్నంతే వచ్చిందా, పెదవి చివర ఆ చిన్న వంపు కుదిరిందా. మంచి ప్రశ్నే, మీ చేతికి పట్టు వచ్చిందే దానివల్ల. కానీ 15 ఏళ్లు ఇంకో ప్రశ్న అడక్కుండా అదొక్కటే అడుగుతూ పోతే, ఒక దశలో చెయ్యి పనిచేస్తూనే ఉంటుంది గానీ మనిషి అందులో ఉండదు. ఆర్డర్ అయితే నడుస్తోంది, ఎందుకంటే పక్కన ఫొటో ఉంది, సరిపోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉంది. మీ కోసం వేద్దామని కూర్చుంటే పక్కన ఏమీ లేదు, కాబట్టి చెయ్యి గాల్లో ఆగిపోతోంది. ప్రతిభ ఎక్కడికీ పోలేదు. ఆ ప్రశ్న అరిగిపోయింది, అంతే.

ఏడాదిన్నర అయిపోయిందని టెన్షన్ పడకండి. ఆగ్నెస్ మార్టిన్ అని అమెరికాలో పెద్ద అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్. పేరు బాగా వస్తున్న రోజుల్లోనే, 1967లో, తన రంగులూ కుంచెలూ ఎవరికో ఇచ్చేసి న్యూయార్క్ వదిలి వెళ్లిపోయారు. ఏడాదిన్నర పాటు ఒక ట్రక్కులో అమెరికా, కెనడా తిరిగారు. చివరికి న్యూమెక్సికోలో ఒక బల్లపరుపు గుట్ట మీద మట్టి ఇటుకలతో స్వయంగా ఇల్లు కట్టుకున్నారు. మళ్లీ పెయింటింగ్ మొదలుపెట్టేసరికి 1974. ఏడేళ్లు కుంచె పట్టలేదు ఆవిడ, ఆ తర్వాత 2004లో చనిపోయేదాకా దాదాపు ఆపలేదు. ఫిలిప్ గస్టన్ అనే ఇంకో అమెరికన్ పెయింటర్ కూడా 1960ల చివర్లో రెండేళ్ల దాకా పెయింటింగ్ పక్కన పెట్టేసి కాగితం మీద గీతలే గీశారు, కొన్ని కాగితాల మీద ఒకటో రెండో గీతలు, అంతకు మించి ఏమీ ఉండదు. వీళ్లతో మనల్ని పోల్చుకోవడానికి చెప్పడం లేదు. ఆగిపోవడం ఈ పనిలో ఒక భాగమేనని చెబుతున్నా.

నాకూ రెండేళ్లు అలా గడిచాయి. నేను వేసేవి లాండ్‌స్కేప్‌లు, నీళ్లూ చెట్లూ సాయంత్రపు ఆకాశం. ఒక ఎండాకాలం ఎప్పుడూ వేసే చెరువు దగ్గరికే వెళ్లాను, చూస్తే నీళ్లు లేవు. వేయడానికి ఏమీ లేదని చిరాకేసింది, అంత దూరం వచ్చాక వెంటనే తిరిగి వెళ్లాలనిపించక అడుగున దిగి కూర్చున్నాను. కాళ్ల దగ్గర ఒండ్రు మట్టి పెంకులు పెంకులుగా పగిలి ఉంది, ఒక్కో పెంకు అంచులు పైకి లేచి లోతు తక్కువ గిన్నెలా అయింది. ఒకటి వేలితో లేపాను. పైన పొడిపొడిగా, గోరుతో గీస్తే రాలేలా ఉంది, కిందివైపు మాత్రం నున్నగా, చల్లగా, ఇంకా తడిగా ఉంది. పైన ఒక పిట్ట కాలి గుర్తు. మూడు వేళ్లు ముందుకి, ఒకటి వెనక్కి. ఆ గుర్తు సగంలో తెగిపోయింది, మిగతా సగం పక్క పెంకు మీద ఉంది. అంటే పిట్ట నడిచిన తర్వాతే మట్టి పగిలింది. నడిచినప్పుడు ఇక్కడ బురద, ఇంకా బీట లేదు. అక్కడినుంచి వరసగా చూడటం మొదలుపెట్టాను. ఈ ఎండుటాకు పగలకముందు పడిందా, తర్వాత పడిందా? ఈ పెద్ద బీట ముందు వచ్చిందా, దానికి అడ్డంగా వచ్చి ఆగిపోయిన ఈ సన్నబీట ముందా? (ఆగిపోయినదే తర్వాతది. అప్పటికే చీలిక ఉంది కాబట్టి దాన్ని దాటి వెళ్లలేదు.) రెండు గంటలు ఎలా గడిచాయో తెలీదు. ఆరోజు ఏమీ వేయలేదు నేను. ఇంటికొచ్చాక చాలాకాలం తర్వాత మొదటిసారి, రేపు ఏం చేయాలో తెలిసి పడుకున్నాను.

నాకు దొరికింది ఏమిటో ఆ తర్వాత నెమ్మదిగా అర్థమైంది. అప్పటిదాకా నేను కూడా మీలాగే "ఇది ఎలా ఉంది?" అని చూసేదాన్ని. ఆ చెరువులో మొదటిసారి "దీనికి ఏం జరిగింది?" అని చూశాను. మీకు నేను ఇవ్వగలిగిన సలహా మొత్తం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉందండీ.

కాబట్టి ఈసారి కొండల దాకా వెళ్లక్కర్లేదు. మీరు రోజూ దాటి వెళ్లే ఒక ముసలి చెట్టు చాలు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి, సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోవడం కాదు, ఇంట్లోనే. చెట్టు మొత్తం చూడకండి. మీ అరచెయ్యి ఎంతుందో అంత బెరడు ఎంచుకోండి. ముందు కళ్లు మూసుకుని చెయ్యి పెట్టండి, ఎందుకంటే తెరిచి ఉంటే మీ కన్ను వెంటనే నీడలు కొలవడం మొదలుపెడుతుంది, నాకు తెలుసు. ఎక్కడ గరుకు, ఎక్కడ వేలు జారుతోంది, ఎక్కడ పెచ్చు కదులుతోంది, ఎక్కడ చల్లగా ఉంది. తర్వాత కళ్లు తెరవండి. బెరడు పైపొర చచ్చిపోయిన పొర, అది సాగదు. లోపల కాండం మాత్రం ఏటేటా లావెక్కుతూనే ఉంటుంది. లోపలిది పెరుగుతుంటే బయటిది తట్టుకోలేక చీలుతుంది, ఆ నిలువు చీలికలన్నీ అందుకే. ఆ చీలికల్లోకి వాన నీళ్లు దిగుతాయి, దుమ్ము చేరుతుంది, నీడ ఎక్కువున్న వైపు నాచు పడుతుంది. బూడిదరంగులో, లేత ఆకుపచ్చలో గుండ్రటి మచ్చలు అక్కడక్కడా కనిపిస్తే అది లైకెన్, ఒక శిలీంధ్రమూ ఒక శైవలమూ కలిసి ఒకే ఒంటిలా బతికే జీవి. రాళ్ల మీద పెరిగే కొన్ని రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. ఒక రూపాయి బిళ్లంత మచ్చ వెనక ఎన్నేళ్లు ఉంటాయో ఆలోచించండి. అలా చూస్తే ఆ అరచెయ్యంత చోటులో ఎన్ని పనులు జరిగాయో కనిపిస్తుంది: చీలింది, ఊడింది, కారింది, పట్టుకుంది, పేరుకుంది, అరిగింది.

ఆ క్రియలు ఒక కాగితం మీద రాసుకోండి. బొమ్మ గీయొద్దు, రంగుల పేర్లు కూడా వద్దు, ఆ మాటలు మాత్రమే. శిల్పి రిచర్డ్ సెరా 1967-68లో ఇలాగే చుట్టడం, మడవడం, చింపడం అంటూ రెండు కాగితాల నిండా క్రియలు రాసుకుని, వాటినే రబ్బరు మీదా సీసం మీదా చేస్తూ పోయారు. మీరు ఆ మాటల్ని పేస్ట్ మీదా రంగు మీదా చేయబోతున్నారు. బెరడు బొమ్మ వేయడం లేదు మీరు, బెరడుకి జరిగింది మీరు వేసే చెక్క పలక మీద జరిగేలా చేస్తున్నారు. ఈ తేడా పట్టుబడితే మిగతావి చేతి పనులు, అవి మీకు వారంలో వచ్చేస్తాయి.

ఇంకో మాట. అలా ఊరికే చూస్తూ కూర్చుంటే మనసు తేలికవడం వట్టి మాట కాదు. రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లలోనే దీని గురించి వివరంగా రాశారు. పట్టి పట్టి చూసే ఏకాగ్రత వాడేకొద్దీ అలసిపోతుందని, ఆకులు కదలడం, మబ్బులు పోవడం లాంటివి మనల్ని బలవంతపెట్టకుండా లాక్కుంటాయి కాబట్టి ఆ అలసట తీరుతుందని వాళ్ల వాదన. కంటిరెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ వేసే మీకు ఆ అలసట ఎంత ఉంటుందో వేరే చెప్పాలా.

ఇక పని సంగతి. ముందు పెయింట్ తీయకండి. పల్చటి కాగితాలు, మెత్తటి పెన్సిలో క్రేయానో తీసుకుని ఆ బెరడు మీద, రాయి మీద, పాత చెక్క మీద కాగితం పెట్టి రుద్దండి. ఇది పిల్లలాటలా కనిపిస్తుంది. కానీ 1925లో జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ సముద్రపు ఒడ్డున ఒక సత్రంలో నేల చెక్కల గీతలు చూస్తూ, వాటి మీద కాగితం పరిచి రుద్ది, ఆ గుర్తుల్లోంచే అడవులూ పక్షులూ బయటికి తీశారు. ఆ పద్ధతికి ఫ్రొతాజ్ అని పేరు పడింది. అంతకు 400 ఏళ్లకు పైగా ముందే లియొనార్డో డావిన్చీ మరకలు పడ్డ గోడల్ని చూస్తూ ఉంటే వాటిలో కొండలు, నదులు, యుద్ధాలు కనిపిస్తాయని శిష్యుల కోసం రాసి పెట్టారు. మీ చేతికి ఇది ఎందుకు మంచిదంటే, రుద్దేటప్పుడు పోలిక తప్పడమనేది ఉండదు. గుర్తు దానంతటదే వస్తుంది. ఒక 20, 30 కాగితాలు అయ్యేసరికి మీ చేతిలో ఏదో సడలినట్టు మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత పలక. కాన్వాస్ వద్దు, ఒక అడుగు ప్లైవుడ్ ముక్కలు నాలుగైదు కోయించుకుని రెండు పూతలు జెస్సో (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) వేసి ఆరబెట్టండి. మీ రెండో కాన్వాస్ బీటలు వారింది కదా, దాని కారణం నా చెరువులో మట్టి పగలడానికి ఉన్న కారణమే. మోడలింగ్ పేస్ట్ అంటే ఆక్రిలిక్ జిగురులో పాలరాతి పొడి లాంటి సన్నటి పొడి కలిపిన ముద్ద, దాంట్లో నీళ్లుంటాయి. ఆ నీళ్లు ఆవిరైపోతుంటే ముద్ద కుంచించుకుపోతుంది, కింద కాన్వాస్ కుంచించుకోదు, పైపొర తొందరగా ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడి. ఆ లాగులాటలో చీలుతుంది. దానికి తోడు కాన్వాస్ వేలితో నొక్కితే ఊగుతుంది, మందమైన పేస్ట్ ఊగదు. పగలకూడదనుకుంటే రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వేసి, ఒక్కో పొర పూర్తిగా ఆరనిచ్చి, ఫ్యాన్ కిందా ఎండలోనూ పెట్టకుండా నెమ్మదిగా వెళ్లండి. పగలాలనుకుంటే (అనుకోవచ్చు, అది కూడా ఒక క్రియే) గట్టి చెక్క మీద ఒకేసారి మందంగా వేసి, గాలికి పెట్టి, పగిలాక పల్చటి ఆక్రిలిక్ మీడియం (రంగు కలపని ఆక్రిలిక్ జిగురు) బీటల్లోకి దిగేలా పూయండి, పెచ్చులు రాలిపోకుండా పట్టుకుంటుంది. ఆ రెండో కాన్వాస్‌కి కూడా ఇదే చేసి చూడండి. మీరు దాన్ని బీటలు వారిందని రాశారు, నాకైతే ఆ మూడింటిలో నిజంగా ఏదైనా జరిగింది దానికే అనిపిస్తోంది.

మొదటిది గోడలా ఉందన్నారు. గోడలా ఉండటం తప్పేమీ కాదండీ. స్పెయిన్ చిత్రకారుడు ఆంతోనీ తాపియెస్ 1950ల నుంచి రంగులో ఇసుక, పాలరాతి పొడి కలిపి మందంగా పరిచి, దాన్ని గీకి, పొడిచి, గోడల్లాంటి కాన్వాస్‌లే జీవితమంతా చేశారు. ఆయన ఇంటిపేరుకే కాటలాన్ భాషలో గోడలు అని అర్థం. ఆయన గోడల మీద మనుషులు, కాలం తిరిగిన గుర్తులుంటాయి. మీ గోడ ఇప్పుడే మేస్త్రీ మెత్తి వెళ్లినట్టు ఉండి ఉంటుంది, అంతా ఒకటే గరుకు, పైన ఒకటే మందపు రంగు. అదీ చిక్కు. గరుకు కనిపించాలంటే పక్కన నునుపు ఉండాలి, సగానికి పైగా నునుపే ఉండాలంటాను నేను. రంగు కూడా మీరు పోర్ట్రెయిట్‌కి పూసినట్టు పైన పూసేసి ఉంటారు. టెక్స్చర్ మీద రంగు అలా పనిచేయదు. బాగా పల్చగా, నీళ్లలా చేసిన ముదురు రంగు పోయండి, అది పల్లాల్లోకి దిగుతుంది. అర నిమిషం ఆగి తడిగుడ్డతో పైపైన తుడవండి, ఎత్తులు తేలతాయి, లోతుల్లో రంగు మిగులుతుంది. వాన చేసే పని అచ్చం ఇదే. ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత రంగు ఎత్తుల మీద మాత్రం తగిలీ తగలనట్టు లాగండి. ఇలా పొయ్యడం, తుడవడం, మళ్లీ పొయ్యడం ఆరేడు సార్లు చేస్తే మీరు పాలెట్ మీద ఎంత కలిపినా రాని రంగులు అక్కడ పుడతాయి. మొదటిసారి గుడ్డ తీసి చూసినప్పుడు మీకు కలిగే ఆనందం నాకు ఇక్కడినుంచే తెలుస్తోంది.

చిన్న చిన్న జాగ్రత్తలు కొన్ని. ఇసుక కలిపేటట్టయితే జల్లించి, కడిగి, ఆరబెట్టి వాడండి, సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది కాబట్టి దాన్ని చాలాసార్లు కడగాలి. ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు గానీ ఆయిల్ మీద ఆక్రిలిక్ వేయకూడదు, నిలవదు. పచ్చి ఆకులూ గడ్డీ పేస్ట్‌లో అతికించి వదిలేయకండి, ఎండి పొడైపోతాయి. తడి పేస్ట్ మీద అద్ది తీసేయండి, గుర్తు చాలు. పొడులు కలిపేటప్పుడు ముక్కుకి మాస్క్ మర్చిపోవద్దు.

మూడోది అబద్ధంలా ఉందన్నారే, ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ ఆశ కలిగించిన మాట అది. బాగానే కనిపిస్తున్నా అబద్ధమని పట్టుకున్న కన్ను బతికే ఉన్నట్టు లెక్క. అది ఎందుకు అబద్ధమంటే, ఏ అల ఎటు తిరగాలో, ఎక్కడ బంగారు రంగు మెరవాలో మీరు ముందే అనుకుని వేసి ఉంటారు. దానికేమీ జరగలేదు. అనుకున్నది అనుకున్నట్టు వచ్చింది, అదే పోర్ట్రెయిట్ అలవాటు, ముఖం ఒక్కటే లేదు. దాన్ని కూడా పారేయకండి. సగం గీకేయండి. ఆరిన పేస్ట్‌ని ఉలితో చెక్కొచ్చు, తడిపిన గరుకు కాగితంతో అరగదీయొచ్చు. తీయడం కూడా వేయడమేనని మనకి ఎవరూ నేర్పలేదు. మన దేశంలో వి.ఎస్. గాయ్‌తొండే అనే చిత్రకారుడు దీన్ని ఎంత దూరం తీసుకెళ్లారో చూడండి. రోలర్‌తో రంగు పరవడం, పాలెట్ నైఫ్‌తో లాగేయడం, చింపిన కాగితం ముక్కల్ని అద్ది తీయడం, దాని మీద మళ్లీ పల్చటి పొర. ఏడాదికి ఆయన పూర్తి చేసేవి చాలా కొద్ది కాన్వాస్‌లు. వాటి ముందు నిలబడితే నీళ్ల అడుగున ఏదో కదిలి ఆగినట్టుంటుంది. అబ్‌స్ట్రాక్ట్ అనే మాట కూడా ఆయన తన పనికి ఒప్పుకునేవారు కాదు.

ఆ చిన్నచూపు గురించి దాచకుండా రాసినందుకు సంతోషం. నాకూ ఉండేది. నాకు అది పోయింది డచ్ చిత్రకారుడు మోండ్రియన్ వేసిన చెట్ల వల్ల. నిలువు గీతలు, అడ్డ గీతలు, ఎరుపు, పసుపు, నీలం గడులు, అంతే కదా మోండ్రియన్ అంటే మనకి. ఆయన 1908 ప్రాంతం నుంచి 1912 దాకా మళ్లీ మళ్లీ చెట్లే వేశారు. మొదట్లో కొమ్మలు కొమ్మల్లా, నీలం మీద ఎర్రగా, తర్వాత బూడిద రంగులో కొమ్మలూ మధ్యలో ఖాళీలూ పెనవేసుకుపోయి, ఆ తర్వాత చెట్టు కరిగిపోయి వంపులు మాత్రమే మిగిలి. వరసగా పెట్టుకుని చూస్తే ఒక మనిషి చెట్టుని ఎంతసేపు చూశాడో తెలుస్తుంది. బొమ్మ రాక ఎవరూ అంత దూరం వెళ్లరు. మీకు వచ్చిన నైపుణ్యం ఏదీ వృథా పోదు కూడా. ముఖం మీద వెలుగు నీడలోకి ఎలా జారుతుందో తెలిసినవాళ్లకి పేస్ట్ అంచు ఎంత ఎత్తుంటే ఎంత నీడ పడుతుందో ఇట్టే తెలుస్తుంది, ఎక్కడ అంచు కోసినట్టుండాలి, ఎక్కడ కలిసిపోవాలి అన్నది మీ చేతిలో ఇప్పటికే ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దానికే ఏళ్లు కష్టపడతారు.

మీవారు "ఇదేంటి?" అని అడిగితే ఏం చెప్పాలన్నది మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టినట్టుంది. దేని బొమ్మ అని చెప్పబోతే మాట దొరకదు, దానిలో ఏం జరిగిందో చెప్పండి. "ఇక్కడ మందంగా వేశాను, పగిలింది, పగిలిన చోట నల్లరంగు పోసి తుడిచాను, ఇదిగో ఇక్కడ నచ్చక గీకేశాను, కింద నీలం బయటపడింది, అది ఉంచేశాను." చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించండి. చూసేవాళ్లు ముట్టుకోగలిగిన బొమ్మ ఇంట్లోవాళ్లకి త్వరగా దగ్గరవుతుంది, మా ఇంట్లో అలాగే అయింది.

ఆర్డర్లు మానేయాలా అని మీరు అడగలేదు గానీ ఆ ప్రశ్న మనసులో ఉండి ఉంటుంది. మానొద్దు. ఇల్లు నడవాలి, పైగా డబ్బు రావాలన్న బరువు ఈ కొత్త పలకల మీద పడితే వాటి ఊపిరి ఆగిపోతుంది. వేరే టేబుల్, వేరే కుంచెలు, వారానికి రెండు పూటలు చాలు, ఒక ఆరు నెలలు వీటిని ఆన్‌లైన్‌లో పెట్టకండి, అమ్మకండి, ఎవరి అభిప్రాయమూ అడక్కండి. ఆరు నెలలెందుకంటే, ఎవరైనా "బాగుంది" అన్న మరుక్షణం మీ చెయ్యి అదే మళ్లీ వేయడానికి చూస్తుంది, అంత బాగా శిక్షణ పొందిన చెయ్యి అది. ఒక్క విషయం మాత్రం నెమ్మదిగా ఆలోచించుకోండి. బొమ్మల మీదే కాకుండా తిండి మీద, నిద్ర మీద, మనుషుల మీద కూడా ఆసక్తి తగ్గిపోయి ఉంటే అది చెట్టుతోనూ పేస్ట్‌తోనూ తీరేది కాదు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి. మీ ఉత్తరం చదివితే అలా అనిపించలేదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

పాత ఉత్సాహం మళ్లీ ఎలా వస్తుందని అడిగారు. పాతది వస్తుందని నేను మాట ఇవ్వలేను. నాకు పాతది రాలేదు. 20 ఏళ్ల వయసులో కాన్వాస్ ముందుకి పరిగెత్తినట్టు ఇప్పుడు పరిగెత్తను. కానీ పొద్దున్నే లేవగానే, రాత్రి పోసిన పొర ఎలా ఆరిందో చూడాలని గుమ్మం దాకా మనసు ముందు వెళ్లిపోతుంది. నేను వేసిందే అయినా నాకు తెలియనిది ఏదో రాత్రికి రాత్రి అక్కడ జరిగి ఉంటుంది. ఆ తెలియకపోవడమే ఇన్నేళ్ల ఫొటో పనిలో మీకు లేకుండా పోయిందని నా అనుమానం.

ఈ రాత్రికి ఒక పని చేయండి. ఆ మొదటి కాన్వాస్, సిమెంట్ గోడలాంటిది, బల్ల మీద పడుకోబెట్టి గదిలో లైట్లన్నీ ఆపేసి, ఒక టార్చ్ పక్కనుంచి, కాన్వాస్‌కి దాదాపు ఆనించినట్టు పెట్టి వెలిగించండి. ఎదురుగా చూసినప్పుడు చదునుగా కనిపించిందంతా లోయలూ గట్లూ అయి లేస్తుంది. టార్చ్ నెమ్మదిగా చుట్టూ తిప్పండి, నీడలన్నీ కదులుతాయి. ఎక్కడో ఒకచోట మీ చెయ్యి ఆగుతుంది. ఆ చోటు చుట్టూ సుద్దముక్కతో ఒక గీత గీసి ఉంచి, పొద్దున్న ఆ గీత బయట ఉన్నదాన్ని గీకడం మొదలుపెట్టండి. ఫొటో మాత్రం తీయకండి.